వేగుల పెద్దల రాజీనామాలు

రాజనీతి నెరిగిన మన పూర్వులు చారులను రాజునకు కన్నులుగా నెంచిరి. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున విద్యార్థి వేషమున తిరుగు కాపటికుడు మొదలుకొని, సన్న్యాసము విడిచిన ఉదాస్థితుడు, కర్షకుని వలె నుండు గృహపతికుడు, వర్తకుని వలె నుండు వైదేహకుడు, జడలు దాల్చిన తాపసుడు వరకు వేగులవారి తెరగుల నన్నిటిని విస్తరించి, వారు తెచ్చిన వార్తలను పరీక్షించు విధమును గూడ నిర్ణయించెను. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు చారుల మాట ఒక్కటైనచో దానిని విశ్వసింపవలెననియు, ఏ చారుల మాట పలుమారులు పొసగక పోవునో వారిని గుట్టుచప్పుడు కాకుండ దండించుటయో కొలువునుండి తొలగించుటయో చేయవలెననియు ఆయన విధించెను. చారుడు కొలువున చేరుట లోకమునకు తెలియదు, చేసిన పని తెలియదు, చేసిన తప్పు తెలియదు, పడిన శిక్షయు తెలియదు. రాజు ఒక్కడే ప్రభువుగా నున్నంతకాలము ఈ యేర్పాటున చిక్కేమియు లేకుండెను.

ప్రజాప్రభుత్వములు వెలసిన పిదప చిక్కు వచ్చినది. వేగుల సంస్థకు వెచ్చించు ధనము ప్రజలది, దాని అధిపతిని నియమించువాడు ప్రజలెన్నుకొన్న నాయకుడు, అయినను ఆ సంస్థ చేయు కార్యము ప్రజలకు తెలియరాదు. కావున అట్టి సంస్థ విషయమున సామాన్యుడు కన్నులార చూడగలిగినది, అధిపతి పదవిలోనికి వచ్చుటయు పదవి వీడి పోవుటయు తప్ప మరేమియు లేదు. వచ్చునపుడు పొగడ్తలే గాని ప్రశ్నలుండవు. పోవునపుడు మాత్రము ఎందులకు పోయెనను ప్రశ్న తప్పక పుట్టును. రాజీనామా పత్రమున వ్రాసిన కారణమును ఎవ్వరును నమ్మరు. ఈ రాజీనామాల చరిత్రను తిరుగవేసి చూచినచో, లోపల జరిగిన తప్పుకంటె, ఆ తప్పును ఏలికలు ఎవరి మెడకు చుట్టిరి, ప్రజలు దాని నెంతవరకు ఒప్పుకొనిరి అనునదియే స్పష్టముగా కానవచ్చును. అమెరికాలో ఒక విధముగను, ఇజ్రాయెలులో మరియొక విధముగను, మన దేశమున ఈ రెంటికిని భిన్నముగను ఇది నడచినది.

వీనిలో ప్రసిద్ధమైనది ఆలెన్ డల్లెస్ కథ. 1893లో పుట్టిన ఈతని మాతామహుడు అమెరికా విదేశాంగ కార్యదర్శి. తల్లి సోదరి భర్తయు ఆ పదవినే అలంకరించెను. అన్న జాన్ ఫాస్టర్ డల్లెస్ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కొలువున ఆ పదవిలోనే ప్రపంచము నదరించెను. ఆలెన్ డల్లెస్ యౌవనమున, ప్రిన్స్‌టన్‌లో చదువు ముగించిన వెంటనే, 1914లో మన దేశమునకు వచ్చి అలహాబాదులోని యూయింగ్ క్రిస్టియన్ కళాశాలలో కొంతకాలము ఇంగ్లీషు పాఠములు చెప్పెను. కిప్లింగ్ వ్రాసిన 'కిమ్' నవల, అనగా గ్రాండ్ ట్రంక్ రోడ్డు వెంట బాలుడొకడు వేగువాడుగా తయారగు కథ, ఈతనికి జీవితమంతయు ప్రియగ్రంథము. రెండవ ప్రపంచయుద్ధమున స్విట్జర్లండులోని బెర్న్ నగరమున కూర్చుండి జర్మనీ రహస్యములను లాగిన దక్షుడు. 1953 ఫిబ్రవరిలో అమెరికా వేగుల సంస్థయైన సీ.ఐ.ఏ.కు అధిపతియై, ఇరాన్‌లోను గ్వాటెమాలాలోను ప్రభుత్వములను తలక్రిందులు చేయించి, తన మాటకు ఎదురులేదనిపించుకొనెను. 1960 నవంబరులో ఎన్నికల ఫలితములు వెలువడిన రెండవ దినముననే, తాను డల్లెస్‌ను ఎఫ్.బి.ఐ. అధిపతి హూవర్‌తోపాటు ఆయా పదవులలోనే కొనసాగింతునని కెన్నెడీ ప్రకటించెను. కొత్తగా ఎన్నికైన అధ్యక్షుడు చేసిన మొదటి ప్రకటనలలో అది ఒకటి.

అది జరిగిన యేడాదికే డల్లెస్ వెడలిపోవలసి వచ్చెను. కారణము క్యూబా.

క్యూబా నేలుచున్న ఫిడెల్ కాస్ట్రోను పడద్రోయుటకు, దేశము విడిచివచ్చిన క్యూబనులనే సుమారు పదునాలుగు వందలమందిని గ్వాటెమాలా కొండలలో సీ.ఐ.ఏ. తర్ఫీదు చేసినది. ఆ దండునకు 2506 అని పేరు. తర్ఫీదు వేళ కొండనుండి పడి మరణించిన యువకుని వరుససంఖ్య అది. దానినే తోటివారు తమ పటాలమునకు పేరుగా పెట్టుకొనిరి. పథకమును నడిపినవాడు రిచర్డ్ బిస్సెల్. అర్థశాస్త్రాచార్యుడుగా పేరొంది, యూ-2 గూఢచార విమానమును నిర్మింపజేసిన మేధావి ఇతడు. ఇట్టి మేధావులకు గల పెద్దలోపము, తమ పథకమును తామే విమర్శించుకొనలేకపోవుట. దండు దిగగానే క్యూబా ప్రజలు తిరుగబడుదురను ఆశమీద ఈ పథకము నిలిచి యుండగా, నిజముగా తిరుగబడుదురా యని అంచనావేయుటకు ఆ సంస్థలోనే గల విశ్లేషణ విభాగమును బిస్సెల్ సంప్రదింపలేదు. రహస్యము పొక్కునని సాకు. కౌటిల్యుడు ముగ్గురి మాట కలియవలెననెను గదా. ఇచ్చట రెండవ నోరే తెరువనీయలేదు.

1961 ఏప్రిల్ 15వ తేదీన నికరాగువానుండి ఎనిమిది బి-26 విమానములు లేచి క్యూబా విమానాశ్రయములపై బాంబులు వేసినవి. ఆ దాడి కాస్ట్రోపై తిరుగబడిన క్యూబా పైలట్లే చేసినదని లోకమును నమ్మించుటకై, అట్టి వేరొక విమానమును క్యూబా రంగులు పూసి, తుపాకి గుండ్లతో అచ్చటచ్చట తూట్లు పొడిచి మయామీలో దింపిరి. వేషమంతయు చక్కగనే అమరినది. అయితే మయామీ విలేఖరులు ఆ విమానమును దగ్గరగా చూచిరి. కాస్ట్రో బి-26 విమానముల ముక్కు పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేసినది. దీని ముక్కు లోహపుది. కాల్పులు జరిపి వచ్చినదని చెప్పిన ఆ విమానపు తుపాకుల మూతులకు అతికించిన పట్టీలు అట్లే యున్నవి. ఇంతలో ఐక్యరాజ్యసమితిలో అమెరికా ప్రతినిధియైన ఆడ్లయ్ స్టీవెన్సన్, లోగుట్టు తెలియని పెద్దమనిషి, ఆ విమానపు ఫోటోను సభకెత్తి చూపి, ఇది కాస్ట్రో సొంత విమానమే యని వాదించెను. తనచేత తనవారే అబద్ధమాడించిరని తెలిసిన పిమ్మట ఆయనకు కలిగిన అవమానము చెప్పనలవి గానిది.

దాని ఫలితముగా రెండవ విమానదాడిని కెన్నెడీ 16వ తేదీ రాత్రి నిలిపివేసెను. ఆ వేళ డల్లెస్ రాజధానిలో లేడు. ముందే ఒప్పుకొన్న ఉపన్యాసమొకటి ఇచ్చుటకు ప్యూర్టోరికోలో నుండెను. ఆయన లేకపోవుట అనుమానమునకు తావీయకుండుటకే యని చెప్పుదురు. ఉపాధిపతి జనరల్ కాబెల్, బిస్సెల్ ఇరువురును విదేశాంగ కార్యదర్శి రస్క్ గదికి పోయి మొరపెట్టుకొనిరి. కావలసినచో అధ్యక్షునితో మీరే మాట్లాడుడని రస్క్ టెలిఫోను చూపగా, వారు వద్దని ఊరకుండిరి. పదునాలుగు వందల ప్రాణములు పడవలలో నున్న రాత్రి అది.

మరునాడు తెల్లవారక మునుపే దండు బే ఆఫ్ పిగ్స్ అఖాతమున దిగినది. యూ-2 ఫోటోలలో నీటి నాచుగా భావింపబడినవి నిజమునకు పగడపు దిబ్బలు. పడవల అడుగులు చీలిపోయినవి. పది దినములకు సరిపడు మందుగుండు నింపుకొని వచ్చిన ఓడ, కాస్ట్రో విమానముల దెబ్బకు మునిగిపోయినది. ఓడిపోయినవారు కొండలలోనికి తప్పుకొందురని పథకమున వ్రాసిరి గాని, ఆ ఎస్కాంబ్రే కొండలకును ఆ తీరమునకును నడుమ ఎనుబది మైళ్ళ దూరము, అందు నడువరాని ఊబినేల గలదు. పటము ముందుంచుకొని కొలబద్ద పెట్టి చూచినవాడు ఒక్కడైనను లేడా యని చదువరికి తోచును. మూడవనాటికి అంతయు ముగిసినది. నూటికి పైగా చచ్చిరి. పదునొకండు వందలకు పైగా చిక్కిరి. ప్రజల తిరుగుబాటు జరుగలేదు.

21వ తేదీన కెన్నెడీ విలేఖరుల ముందు నిలిచి, విజయమునకు నూరుగురు తండ్రులుందురు గాని పరాజయము అనాథయను సామెత నొకదానిని తలచి, ప్రభుత్వమున బాధ్యుడను నేనే యని ఒప్పుకొనెను. ఈ ఒప్పుకోలునకు ప్రజలు చూపిన స్పందన చరిత్రకారులను ఇప్పటికిని ఆశ్చర్యపరచుచున్నది. గాలప్ సంస్థ సేకరించిన అభిప్రాయములలో కెన్నెడీని మెచ్చుకొన్నవారు నూటికి 83 మంది. ఇంత ఘోరముగా ఓడిన పిదప ఇంతమంది మెచ్చుట, ఓటమిని మెచ్చుట కాదు. తప్పు నాదేయని చెప్పిన యువకుని మెచ్చుట. చెప్పినవాడు మాత్రము పదవిలోనే యుండెను. పార్లమెంటరీ పద్ధతిలో నైనచో దిగిపోవలసినవాడను నేను, మన పద్ధతిలో దిగిపోవలసినవారు మీరు అని అధ్యక్షుడు తమతో ననెనని బిస్సెల్ తరువాత చెప్పుకొనెను. ఇంతకంటె నిర్మొహమాటముగా ఆ వ్యవహారమును వివరింప నెవరి తరము?

అయినను వెంటనే వెడలగొట్టలేదు. ఓటమిపై విచారణకు నియమించిన నలుగురిలో జనరల్ టేలర్, అధ్యక్షుని తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ, నౌకాధిపతి బర్క్‌లతోపాటు నాలుగవవాడు డల్లెస్సే! ముద్దాయిని న్యాయపీఠముపై కూర్చుండబెట్టిన ఈ విచారణను అప్పుడు తప్పుపట్టినవారు తక్కువ. సంస్థలోపలి తనిఖీ అధికారి లైమన్ కర్క్‌పాట్రిక్ మాత్రము మొగమాటము లేక, దోషమంతయు కార్యనిర్వాహకులదేయని, అధ్యక్షునికి నిజస్థితి చెప్పలేదని నివేదిక వ్రాసెను. దానిని ఇరువది ప్రతులు తీసి, పిమ్మట ఒక్క ప్రతి దక్క తక్కినవి రూపుమాపిరి. మిగిలిన ఆ ఒక్కటి 1998లో వెలుగు చూచినది. అప్పటికి డల్లెస్ చనిపోయి దాదాపు ముప్పదేండ్లైనది.

1961 నవంబరు 28వ తేదీన, డల్లెస్ తన కోరికమీద, తన పర్యవేక్షణమున కట్టించిన లాంగ్లీ మహాభవనమున, ఇంకను సున్నపు వాసన వీడని ఆ నూతన గృహమున, కెన్నెడీ వచ్చి ఆయన రొమ్మున జాతీయ భద్రతా పతకమును గ్రుచ్చెను. మరునాడు ఆయన ఆ యింటివాడు కాకుండ పోయెను. జనవరి ముగియు దినమున కాబెల్, ఫిబ్రవరిలో బిస్సెల్ వెంబడించిరి. బిస్సెల్‌కును పతకము దక్కినది. గుట్టుగా దండింపుమని కౌటిల్యుడు చెప్పగా, బహిరంగముగా సత్కరించి పంపుట అమెరికనులు కనిపెట్టిన పద్ధతి. ఇందు మర్మము లేకపోలేదు. రహస్యములు కడుపున దాచుకొన్నవానిని అవమానించి పంపుట ఏలికలకు క్షేమము కాదు.

ఈ రాజీనామాలకు తృప్తి చెందనివారు మయామీలోని క్యూబనులు. 1962 డిసెంబరులో, ఐదు కోట్ల ముప్పది లక్షల డాలర్ల విలువగల ఆహారమును, మందులను కాస్ట్రోకు ఇచ్చి ఖైదీలను విడిపించిన పిమ్మట, ఆరెంజ్ బౌల్ క్రీడాంగణమున ఆ దండువారు తమ పతాకమును కెన్నెడీ చేత నుంచిరి. స్వతంత్ర హవానాలో దీనిని మరల మీ కిచ్చెదనని ఆయన మాటయిచ్చెను. ఆ జెండా ఒక మ్యూజియము నేలమాళిగలో మూలబడినది. సీ.ఐ.ఏ. పెద్దలు ముగ్గురు మారినను తమవారి ప్రాణములకు జవాబు చెప్పినవాడు లేడనుకొన్న ఆ దండువారు, వకీలును పెట్టుకొని మరీ 1976లో తమ జెండాను తాము తిరిగి తెచ్చుకొనిరి.

అమెరికా ప్రజలు 1961లో వేగుల పెద్ద పోవుటతో సమాధానపడిరి. పదమూడేండ్ల తరువాత ఇజ్రాయెలు ప్రజలు సమాధానపడలేదు. 1973 అక్టోబరు 6వ తేదీన, యూదులు ఉపవాసముండు యోమ్ కిపూర్ పుణ్యదినమున, ఈజిప్టు, సిరియా సేనలు ఒక్కమారుగా మీదపడినవి. సైనిక గూఢచార విభాగమునకు అధిపతియైన ఎలీ జైరా, దీర్ఘదూరపు బాంబరు విమానములు, క్షిపణులు చేతికందువరకు ఈజిప్టు యుద్ధమునకు రాదను సిద్ధాంతమును శిలాశాసనము చేసికొని కూర్చుండెను. దక్షిణ మండలమున బెంజమిన్ సిమన్-తోవ్ అను కుర్ర లెఫ్టినెంటు, అక్టోబరు ఒకటవ తేదీన ఒకమారు, మూడవ తేదీన మరియొకమారు, ఈజిప్టు చేయుచున్న సైనిక విన్యాసములు యుద్ధమునకు ముసుగు మాత్రమేయని లిఖితపూర్వకముగా హెచ్చరించెను. వాని పై అధికారి ఆ కాగితములను పైకి పోనీయలేదు. చారుడు కన్ను తెరచియే యుండెను. రెప్పను మూసినవారు మధ్యవారు.

రెండువేల ఆరువందలమందికి పైగా సైనికులను పోగొట్టుకొన్న ఆ చిన్నదేశము, యుద్ధము ముగిసినంతనే ప్రశ్నింప మొదలిడినది. సూయజ్ గట్టున బార్-లెవ్ రక్షణపంక్తిలోని కోటలన్నియు కూలగా, నిలిచిన కోట 'బుడాపెస్ట్' ఒక్కటే. దానికి నాయకత్వము వహించిన రిజర్వు కెప్టెన్ మొత్తీ అష్కెనాజీ, 1974 ఫిబ్రవరిలో సైనికవిధినుండి విడుదలయై, ప్రధానమంత్రి కార్యాలయము నెదుట అట్టముక్క చేతబట్టి ఒక్కడే నిలుచుండెను. ఆతడు అడిగినది గూఢచారుల తల కాదు, రక్షణమంత్రి మోషే దయాన్ రాజీనామా. ఒకడు పదుగురై, పదుగురు వేలమందియైరి. ఏప్రిల్ మొదటి దినములలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అగ్రనాత్ సంఘము తన మధ్యంతర నివేదిక నిచ్చినది. సేనాధిపతి ఎలజార్, జైరా, జైరా క్రింది అధికారి, సిమన్-తోవ్ హెచ్చరికను తొక్కిపట్టిన అధికారి మొదలైనవారిని తొలగింపవలెనని సిఫారసు చేసి, ప్రధానమంత్రి గోల్డా మేయర్, దయాన్‌లకు ప్రత్యక్ష బాధ్యత లేదని విడిచిపెట్టినది. ఎలజార్ రాజీనామా పత్రము నిచ్చి, దండన ఒకరికి, దోషము మరియొకరిదా యని అందులోనే ఆక్షేపించెను.

సంఘము తీర్పిచ్చినను ప్రజలు ఆ తీర్పు నొప్పలేదు. వీధులు మరల నిండినవి. నివేదిక వచ్చిన పదిదినములకే గోల్డా మేయర్, ఎన్నికలలో నెగ్గి నాలుగు నెలలైనను కాకుండగనే, తాను వైదొలగుచున్నానని ప్రకటించెను. తరువాత ఏర్పడిన రాబిన్ మంత్రివర్గమున దయాన్‌కు చోటు దొరకలేదు. వేగుల పెద్దను బలియిచ్చి ఏలికలు తప్పించుకొనుటకు వీలులేదని ప్రజలు పట్టుబట్టి సాధించిన ఉదాహరణములు చరిత్రలో మిక్కిలి యరుదు. నే నెరిగినంతలో ఇది ప్రథమగణ్యము.

ఇంతవరకు చెప్పినవి ఓటమి నెత్తిన పడినపుడు పైవారు చేయించిన రాజీనామాలు. క్రిందివారు అలిగి చేసిన రాజీనామాలు వేరొక జాతి. ఇరాక్‌లో మారణాయుధములు గలవని సీ.ఐ.ఏ. 2002లో ఇచ్చిన అంచనాను ఆధారముగా చూపి యుద్ధమునకు దిగిన బుష్ ప్రభుత్వము, 2004 నాటికి అవి ఎచ్చటను లేవని తేలగా ఇరుకున పడినది. జూన్ 3వ తేదీన, ఏడేండ్లు అధిపతిగా నున్న జార్జి టెనెట్, కుటుంబ కారణములచే వైదొలగుచున్నాననెను. ఆ డిసెంబరుననే అధ్యక్షుడు ఆయనకు దేశపు మిన్నయైన పౌరపతకము తొడిగెను. డల్లెస్ నాటి ఆచారము మారలేదు.

టెనెట్ స్థానమున వచ్చిన పోర్టర్ గాస్ పూర్వము ఆ సంస్థలోనే వేగుగా పనిచేసి, పిమ్మట ఫ్లోరిడానుండి కాంగ్రెసు సభ్యుడై, గూఢచార సంఘమునకు అధ్యక్షత వహించినవాడు. వచ్చునపుడు కాంగ్రెసులోని తన పరివారమును వెంటబెట్టుకొని వచ్చెను. కోటలోపలివారికిని, బయటనుండి వచ్చినవారికిని కోటగుమ్మములోనే తగవు మొదలైనది. గాస్ కార్యాలయ ప్రధానాధికారి, రహస్య కార్యకలాపముల ఉపాధిపతియైన మైకేల్ సులిక్‌తో వాదులాటకు దిగి, వానిని ఆ పదవినుండి మార్చుమని పై అధికారియైన స్టీఫెన్ కాపెస్‌ను ఆదేశించెను. కాపెస్ సామాన్యుడు కాడు. లిబియా గద్దాఫీ తన మారణాయుధ పథకములను వదలుకొనునట్లు రహస్యముగా రాయబారము నడిపినవాడు. ఆయన తన క్రిందివానిని పంపనని చెప్పి, 2004 నవంబరు 15వ తేదీన తానే సెలవు తీసికొనెను, సులిక్ తోడుపోయెను. టెనెట్ తరువాత తాత్కాలికముగా పదవి నిర్వహించిన మెక్‌లాఫ్లిన్ కొన్ని దినములకు ముందే విరమణ ప్రకటించి యుండెను. ఆ వారముననే, ప్రభుత్వమును, దాని విధానములను బలపరచుట మన పని యను భావము గల లేఖనొకదానిని గాస్ ఉద్యోగులకు పంపినట్లు పత్రికలలో వెల్లడియయ్యెను.

ఈమారు ప్రజాభిప్రాయము నడిమికి చీలినది. అధ్యక్ష ఎన్నికలు ముగిసి రెండు వారములే గావున, ఏ పక్షమునకు ఓటు వేసినవారు ఆ పక్షపు కన్నుతో చూచిరి. ఎన్నికలకు ముందు ప్రభుత్వమును ఇరుకునబెట్టు రహస్యములను పత్రికలకు లీకు చేసిన సంస్థ ఇది, దీనిని కడిగివేయుట మంచిదేయని కొందరు; సెనేటరు మెక్‌కెయిన్ వంటివారును సంస్థ దారితప్పినదని నొక్కిచెప్పిరి. యుద్ధమునకు సాకు కావలసివచ్చినపుడు అంచనాలను వాడుకొని, అవి తప్పని తేలిన పిదప అనుభవజ్ఞులను తరుముచున్నారని మరికొందరు. ఇరుపక్షములు కోపముతో వాదించిరి గాని, సులిక్ ఎవరు, కాపెస్ ఎవరు, వారు చేయునది ఏమి అని నాటికి మునుపు వినియున్నవారు ఆ వాదులాడువారిలో బహుస్వల్పము. గాస్ సైతము నిలువలేదు. 2006 మే 5వ తేదీన కారణము చెప్పకయే రాజీనామా చేసెను. ఆయన పోయిన రెండు నెలలలో కాపెస్ సంస్థకు ఉపాధిపతియై తిరిగివచ్చెను. మరుసటి యేడు సులిక్ రహస్య విభాగమునకే అధిపతియయ్యెను. అలిగిపోయినవారిని పిలిచి పీటవేసిన ఈ తుదియే, 2004 తగవున ఎవరిది న్యాయమో చెప్పుచున్నదని నా అభిప్రాయము.

ఇక మన దేశము. 1962లో చైనా దండు హిమాలయములు దాటి వచ్చినపుడు కూడ, మనము ఠాణాలు ముందుకు జరిపినను చైనావారు ఎదురుదాడికి దిగరను అంచనామీదనే ప్రభుత్వము సాగినది. ఆ అంచనాకు మూలస్తంభము ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టరు బి.ఎన్.మల్లిక్. ప్రజాగ్రహము పెల్లుబికినది. ప్రభుత్వపు అమాయకపు నమ్మకమును, అజాగ్రత్తను రాష్ట్రపతియైన మన సర్వేపల్లి రాధాకృష్ణనే బహిరంగముగా తప్పుపట్టెను. కాంగ్రెసు సభ్యులే పట్టుబట్టగా నవంబరు 7వ తేదీన యుద్ధారంభమున రక్షణమంత్రియైన కృష్ణమీనన్ మంత్రివర్గము వీడెను. మరి రెండు వారములు తిరుగకమునుపే సేనాధిపతి థాపర్ రాజీనామా నిచ్చెను. మల్లిక్‌ను అడిగినవారు లేరు. ఆయన 1964 వరకు ఆ పదవిలోనే యుండి, పిదప తన పక్షమును సమర్థించుకొనుచు ఉద్గ్రంథములు వ్రాసికొనెను. అమెరికాలో అధ్యక్షుడు మిగిలి వేగుల పెద్ద పోయెను. ఇచ్చట మంత్రి, సేనాని పోయి వేగుల పెద్ద మిగిలెను. ప్రజల కోపము తక్కువై కాదు, అట్టి ఉద్యోగి యొకడు గలడను సంగతియే వారిలో హెచ్చుమందికి తెలియకపోవుటచే.

కాపెస్ తెరగున మనవారిలో ఒకడు లేకపోలేదు. 1968లో ఇందిరాగాంధీ స్థాపించిన విదేశ వేగుల సంస్థ 'రా'కు మొదటి అధిపతియైన రామనాథ్ కావ్, అత్యవసర పరిస్థితి అనంతరము 1977లో జనతా ప్రభుత్వము రాగానే తప్పుకొనెను. ఆయన వెనుక వచ్చిన శంకరన్ నాయర్, తన పదవిని కార్యదర్శి హోదానుండి డైరెక్టరు హోదాకు దింపబూనుటను సహింపక, కొద్దినెలలకే వెడలిపోయెను. మొరార్జీ దేశాయి ప్రభుత్వమునకు ఆ సంస్థపై గల అనుమానమే దీనికి మూలము. పత్రికలలో కొంత చర్చ నడచినది. అంతకు మించి ఎవరును పట్టించుకొనలేదు.

తరువాతి వైఫల్యములలో మనవారు మరియొక మార్గమును కనుగొనిరి. 1999 వేసవిలో కార్గిల్ కొండలమీదకు శత్రువు ఎక్కి కూర్చుండువరకు వేగుల సంస్థలకు పొడ కట్టలేదు. సుబ్రహ్మణ్యం అధ్యక్షతను వేసిన సమీక్షా సంఘము వార్తాసేకరణలోని లోపములను విపులముగా వ్రాసినది. 2000 ఫిబ్రవరిలో కొన్ని భాగములు తొలగించి ఆ నివేదికను పార్లమెంటు ముందుంచిరి. నాటి 'రా' అధిపతి అరవింద్ దవే అప్పటికే అరుణాచలప్రదేశ్ గవర్నరు. 2008 నవంబరులో బొంబాయిపై దాడి జరిగినపుడు, గేట్‌వే ఆఫ్ ఇండియా యొద్ద కొవ్వొత్తులతో గుమికూడిన జనము రాజకీయ నాయకులనే తిట్టిపోసినది. హోంమంత్రి శివరాజ్ పాటిల్, మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ పదవులు వీడిరి. జాతీయ భద్రతా సలహాదారైన నారాయణన్, పూర్వము తానును ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టరే, మరి యేడాదికి పైగా ఆ పదవియందే యుండి, 2010 జనవరిలో పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పోయెను.

తెలుగువారికి ఈ సంప్రదాయము కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ కేడరు పోలీసు అధికారియై, ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టరుగా 2006లో విరమించిన ఇ.ఎస్.ఎల్.నరసింహన్, ఛత్తీస్‌గఢ్ గవర్నరుగా ఉండి, తెలంగాణ ఉద్యమము భగ్గుమనుచున్న 2009 డిసెంబరు చివర, నారాయణదత్ తివారీ రాజీనామాతో ఖాళీయైన హైదరాబాదు రాజభవనమునకు వచ్చెను. రాష్ట్రము రెండైన పిదపను రెంటికిని ఆయనే గవర్నరై 2019 వరకు ఉండెను. వేగుల పెద్దగా ఆయనపై ఏ వైఫల్యపు నిందయు లేదు. నేను చెప్పునది ఆచారమును గూర్చి. ఆ కొలువునుండి రాజభవనమునకు బాట ఎంత నలిగినదో, రాజీనామాకు బాట అంత గడ్డి మొలచి యున్నది.

అమెరికాలో సెనేటుకును ప్రతినిధుల సభకును చెరి యొక గూఢచార పర్యవేక్షక సంఘము 1970ల నుండియు కలదు. సీ.ఐ.ఏ. అధిపతి వాని ముందు నిలిచి జవాబు చెప్పవలెను. మన పార్లమెంటున అట్టి ప్రత్యేక సంఘము నేటికిని లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము, అవినీతి, మానవహక్కుల ఆరోపణలను మినహాయించి, ఇంటెలిజెన్స్ బ్యూరోను, 'రా'ను తన పరిధినుండి తప్పించినది. ఈ సంస్థలను చట్టబద్ధమైన పర్యవేక్షణకు లోబరచుటకై 2011లో మనీశ్ తివారీ లోక్‌సభలో అనధికార బిల్లునొకదానిని ప్రవేశపెట్టెను. అది చట్టము కాలేదు.